అరకు లోయలో ట్రైల్ రన్నింగ్: దారి ఎంచుకోవడం నుంచి ఇంటికి తిరిగొచ్చే దాకా

ట్రైల్ రన్నింగ్ అంటే తారురోడ్డు మీద కాకుండా మట్టి బాటల్లో, కొండ దారుల్లో పరుగెత్తడం. మొదటిసారి అరకులో అలా పరుగెత్తినప్పుడు నేను వేసుకున్న లెక్క చాలా తేలిక. వైజాగ్ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లు గంటలో అయిపోతాయి కదా, ఇక్కడ పద్నాలుగు కిలోమీటర్లకి గంటన్నర చాలనుకున్నాను. టిఫిన్ టైముకి వచ్చేస్తానని రూమ్‌లో ఉన్నవాళ్లకి చెప్పి, అర లీటరు బాటిల్ ఒక్కటి పట్టుకుని బయల్దేరాను. మూడు గంటల తర్వాత ఒక కాఫీ తోటలో నిలబడి ఉన్నాను. బాటిల్ ఖాళీ, ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఎదురుగా రెండు బాటలు. నెత్తిన కట్టెల మోపుతో వస్తున్న ఒక పెద్దావిడని అరకు ఎంత దూరమమ్మా అని అడిగితే, "ఇక్కడే బాబూ, దగ్గరే" అంది.

ఆ దగ్గర నాకు గంటా పది నిమిషాలు పట్టింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. రోజూ ఆ బాటలో సంతకీ, రేషన్‌కీ మోపులతో తిరిగే మనిషికి అది దగ్గరే. లెక్క తప్పింది నాదే.

అప్పటి నుంచి రెండు పద్ధతులు అలవాటు చేసుకున్నాను. కొండలో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో కొలవడం. దారిని ఫోన్‌లో చూసి సరిపెట్టుకోకుండా మనుషుల్ని అడిగి ఖాయం చేసుకోవడం. కింద రాసిందంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. మైదానంలో కనీసం పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగి, కొండ మీద ఎప్పుడూ పరుగెత్తనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఈ లోయ ఎలా ఉంటుందో

వైజాగ్ నుంచి అరకుకి రోడ్డున సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట దాటి మళ్లీ కాస్త దిగితే అరకు. అంటే లోయ అని పేరే కానీ, ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైనే ఉంటుంది. చుట్టూ ఉన్న కొండలు ఇంకో మూడు నాలుగు వందల మీటర్లు, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువే లేస్తాయి.

ఈ ఎత్తులో ఊపిరి అందకపోవడం లాంటి సమస్య రాదు. హిమాలయాల సంగతులు చదివి భయపడనక్కర్లేదు. కానీ ఎత్తు చేసే పని ఇంకోటి ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకీ గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే అరకులో పరుగెత్తుతుంటే వైజాగ్‌లో కారినట్టు చెమట కారదు, కారింది కూడా వెంటనే ఆరిపోతుంది. దాహం వేయట్లేదు కదా అని నీళ్లు తాగడం మానేస్తాం. రెండు గంటల తర్వాత తలనొప్పి మొదలయ్యాక కానీ తెలియదు.

నేల గురించి కూడా ఒక మాట. ఇక్కడి రాయి ఎక్కువగా ఖొండలైట్. ఈ కొండల్లో ఉండే ఖొండు ఆదివాసుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాయికి పేరు పెట్టారు. అది ఎండకీ వానకీ త్వరగా పొడిగా, చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. ఎర్రమట్టి మీద ఆ గుల్ల రాళ్లు పరుచుకుని ఉంటే, దిగేటప్పుడు గోళీల మీద కాలు వేసినట్టే. అదే మట్టి తడిస్తే సబ్బు.

ఇవి ట్రైల్ రన్నింగ్ కోసం వేసిన బాటలు కావు. ఊరి నుంచి ఊరికి, పొలానికి, గెడ్డకి (కొండవాగుకి), కాఫీ తోటకి, సంతకి జనం నడిచి నడిచి పడిన కాలిబాటలు. కాబట్టి బోర్డులుండవు, బాణం గుర్తులుండవు. ఒక బాట మధ్యలో హఠాత్తుగా ఆగిపోయిందంటే, అక్కడితో ఎవరి పొలమో వచ్చేసిందని అర్థం.

ఏ నెలలో వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా బాగుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు కొండవాలంతా పసుపు పరిచేస్తాయి. తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకి పడిపోవచ్చు. వచ్చిన చిక్కల్లా జనంతో. డిసెంబరు శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్డంతా కార్లు. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

నా ఓటు మాత్రం మార్చికి. వేసవి తొలి జల్లులు పడ్డాక కాఫీ తెల్లగా పూస్తుంది, తోటల్లోంచి వెళ్తుంటే మల్లె వాసన లాంటిది వస్తుంది. మధ్యాహ్నం ఎండ ఉంటుంది కాబట్టి ఉదయం తొమ్మిదికల్లా ముగించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగులు మామూలే. ఆ టైముకి కొండ నెత్తిన ఉండకూడదు.

జూన్ నుంచి అక్టోబరు దాకా చూడటానికి అరకు అందంగా ఉంటుంది కానీ, పరుగుకి కొత్తవాళ్లని నేను రమ్మనను. గెడ్డలు పొంగుతాయి, మట్టి జారుతుంది, గడ్డి పెరిగి బాట కనపడదు. అక్టోబరులో తుపాన్ల బెడద వేరే. 2014 హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12నే.

ఇంటి దగ్గర ఎనిమిది వారాలు

కొండకి తయారవ్వడమంటే అందరూ ఎక్కడం ప్రాక్టీసు చేస్తారు. ఎక్కడంలో ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. తొడల్ని నిజంగా పిండేది దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే మన బరువుని ఆపాలి. అలవాటు లేని కండరం ఆ పనికి లోపల చిన్న చిన్నగా చిట్లుతుంది. మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగలేకపోవడం దాని వల్లే. మంచి సంగతేంటంటే, ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం తర్వాతి సారికి చాలా వరకు గట్టిపడుతుంది. కాబట్టి ఆ దెబ్బ ఇంటి దగ్గరే, కొద్దికొద్దిగా తిని రావాలి.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి కైలాసగిరి ఉంది, కంబాలకొండ ఉంది. సింహాచలం మెట్ల దారి కూడా మంచిదే కానీ, అది భక్తుల దారి. అక్కడ చెప్పులు లేకుండా దణ్ణం పెట్టుకుంటూ ఎక్కేవాళ్ల మధ్య టైమర్ పెట్టుకుని దూసుకెళ్లడం బాగోదు, నడవండి చాలు. తిరుపతివాళ్లకి అలిపిరి మెట్లు 3550 ఉన్నాయి, మర్యాద అక్కడా అదే. హైదరాబాద్‌లో అయితే కేబీఆర్ పార్కు చుట్టుపక్కల ఎగుడు దిగుళ్లు, సెలవు రోజు వికారాబాద్ అనంతగిరి. ఏదీ లేకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు. లిఫ్టులో పైకెళ్లి మెట్ల మీద దిగండి, ఎదురుపడ్డవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

వారానికి మూడు నాలుగు పరుగులు సరిపోతాయి. వాటిలో ఒకటి ఎత్తుపల్లాలది, ఒకటి పొడుగుది. పొడుగు పరుగుని దూరం చూసి కాకుండా టైము చూసి పెంచండి. మొదటి వారం గంటంపావు, ఆరో వారానికి రెండున్నర గంటలు. మధ్యలో నడిచినా ఆగకుండా కాళ్ల మీద ఉండటమే కావాలి. నాలుగో వారం కాస్త తగ్గించి ఊపిరి పీల్చుకోండి. చివరి వారం దాదాపు విశ్రాంతే. వీటితో పాటు రోజూ ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోండి. వినడానికి వెటకారంలా ఉన్నా, చీలమండ మడత పడకుండా కాపాడేది ఆ చిన్న కండరాల అలవాటే.

వెంట ఏం ఉండాలి

బూట్ల మీద ఎక్కువ రాయను. అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల పళ్లున్న ట్రైల్ షూ ఉంటే మంచిది. లేకపోతే ఎండాకాలంలో మామూలు రన్నింగ్ షూతో లోయ బాటల వరకు లాగించవచ్చు, కొండ దిగుడుకి మాత్రం వద్దు. కొత్త బూట్లు అరకులో మొదటిసారి తొడగకండి. బొటనవేలికీ బూటు ముందు భాగానికీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోరు నల్లబడి ఊడుతుంది. బయల్దేరే ముందు గోళ్లు కత్తిరించుకోండి.

నీళ్లు గంటకి అర లీటరు చొప్పున లెక్కేసుకుని, పైన ఇంకో అర లీటరు. అంటే మూడు గంటల దారికి రెండు లీటర్లు. ఇది చేత్తో మోసే బరువు కాదు, వీపుకి అంటిపెట్టుకునే బ్యాగ్ కావాలి. అందులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, విజిల్, చిన్న టార్చి, పల్చటి రెయిన్ జాకెట్, నాలుగు అంగుళాల ఎలాస్టిక్ బ్యాండేజి, వంద, యాభై, పది నోట్లు. ఫోన్‌పే ఉంది కదా అనకండి. సిగ్నల్ లేని చోట అది పనిచేయదు, జీపు అతను మాత్రం డబ్బులు అడుగుతాడు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. దాన్ని అర లీటరులో కలిపేస్తే మేలు చేయకపోగా దాహం ఇంకా పెరుగుతుంది.

దారి గీసుకోవడం

ఇక్కడే ఎక్కువ టైము పెట్టండి. ముందు రోజు రాత్రి పది నిమిషాల్లో చేసే పని కాదు ఇది.

మొదట మ్యాపు. గూగుల్‌లో రోడ్లు బాగానే కనిపిస్తాయి, కాలిబాటలు సరిగ్గా ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు) మీద నడిచే యాప్ ఒకటి వేసుకుని, అరకు ప్రాంతమంతా ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. ఓపిక ఉన్నవాళ్లకి ఇంకా మంచిది ఒకటుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపో షీట్లు, అంటే ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు, 2017 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటి మీద గోధుమరంగు గీతలు ఉంటాయి. ఒకే గీత మీద ఉన్న చోట్లన్నీ ఒకే ఎత్తు. పక్క గీతకి వెళ్తే సాధారణంగా 20 మీటర్లు తేడా. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే చదును. మీరు అనుకున్న దారి ఎన్ని గీతల్ని దాటుతూ పైకెళ్తోందో లెక్కపెట్టి ఇరవైతో గుణిస్తే ఎక్కుడు ఎంతో వచ్చేస్తుంది. అలాగే నీలం గీతల్ని చూడండి. అవి గెడ్డలు. మీ దారి వాటిని ఎన్నిసార్లు దాటుతుందో రాసిపెట్టుకోండి.

తర్వాత టైము లెక్క. దీనికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పింది. నేటి కొలతల్లో ఐదు కిలోమీటర్లకి ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకి అదనంగా ఒక గంట. ఇది నడకకి. నా మొదటి దారినే తీసుకుందాం. 14 కిలోమీటర్లు, 450 మీటర్ల ఎక్కుడు. దూరానికి రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు, ఎక్కుడుకి నలభై ఐదు నిమిషాలు, మొత్తం మూడున్నర గంటలు. కొత్త రన్నర్ దీంట్లో మూడింట రెండు వంతుల్లో పూర్తిచేస్తే గొప్పే, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. నేను గంటన్నర అనుకున్నాను! దారి తప్పితే ఏమవుతుందో ముందే చెప్పాను కదా. ప్లాన్ ఎప్పుడూ నడక టైము మీదే వేసుకోండి, పరుగు మీద కాదు. కాలు మడత పడిన రోజు మీరు నడిచే రావాలి.

ఆ టైముని పొద్దుకి ముడిపెట్టండి. డిసెంబరులో ఇక్కడ సుమారు ఆరుంబావుకి తెల్లవారి, సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. పడమటి కొండ నీడలో ఉన్న బాటల్లో ఇంకా ముందే వెలుతురు తగ్గుతుంది. కొండ దారులకి ఉదయమే మేలు.

చివరిగా, మనుషుల్ని అడగడం. "ఈ దారి ఫలానా ఊరికి వెళ్తుందా?" అని అడగకండి. మర్యాదకైనా చాలామంది అవుననే అంటారు. "ఈ దారి ఎక్కడికెళ్తుంది?" అని అడిగితే వాళ్లే ఊరి పేరు చెబుతారు. దూరం ఎంత అని అడగకండి, "ఇప్పుడు బయల్దేరితే ఎప్పటికి వెళ్తారు?" అనండి. గెడ్డలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అడగండి. మోకాలు చూపిస్తారో, నడుము చూపిస్తారో చూడండి. చాలా ఊళ్లలో ఇంటి భాష కువి, ఆదివాసీ ఒడియా లాంటివి. పెద్దవాళ్లకి తెలుగు తడబడవచ్చు. నెమ్మదిగా, చిన్న మాటల్లో అడగండి, లేదంటే బడికెళ్లే పిల్లల్ని అడగండి. కొండ మీదికెళ్లే దారులకి మొదటిసారి ఊరి కుర్రాడిని ఒకరిని తోడు తీసుకెళ్లి, రోజు కూలి కన్నా తగ్గకుండా ఇవ్వండి. ఒడిశా సరిహద్దు వైపు లోపలి కొండల్లోకి తెలిసిన మనిషి లేకుండా అసలు వెళ్లకండి. ఈ ప్రాంతం చూసిన మావోయిస్టుల చరిత్ర వల్ల, భుజాన బ్యాగు వేసుకుని పరుగెత్తుకొచ్చే కొత్త ముఖాన్ని ఊరూ అనుమానిస్తుంది, పోలీసులూ ఆపుతారు. ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి.

పరుగెత్తదగ్గ దారులు

మొదటి రోజుకి పద్మాపురం, రణజిల్లేడ వైపు. విశాఖ నుంచి ఉదయం బయల్దేరే కిరండూల్ రైలులో వస్తే అరకు చేరేసరికి పదకొండు ప్రాంతం అవుతుంది. భోజనం చేసి, కాసేపు పడుకుని, మూడింటికి బయల్దేరితే ఈ దారికి సరిపోతుంది. స్టేషన్ దగ్గర నుంచి పద్మాపురం గార్డెన్స్ దాకా చదునైన రోడ్డు. ఆపైన ఊళ్లు, వరి మళ్లు, చిన్న ఎత్తుపల్లాలతో రణజిల్లేడ జలపాతం వైపు. చివర్లో రాళ్ల మీద ఎక్కాలి, అక్కడ నడవండి. పోనూ రానూ గంటన్నర, రెండు గంటలు. బూట్లు ఎలా ఉన్నాయి, నీళ్లు ఎంత తాగుతున్నాను, ఈ గాలి ఒంటికి ఎలా ఉంది అన్నవి చూసుకోవడానికి ఈ దారి.

రెండో రోజు తెల్లవారుజామున మాడగడ. సూర్యోదయం, మబ్బుల సముద్రం చూడటానికి జనమంతా జీపుల్లో వెళ్లే కొండ ఇదే. అరకు నుంచి ఊళ్ల మీదుగా మెల్లగా ఎక్కుతూ వెళ్లి, చివరి భాగం గట్టిగా ఎక్కిస్తుంది. రెండు రకాలుగా వెళ్లవచ్చు. చీకట్లో టార్చితో వెళ్లి పైన సూర్యోదయం చూడటం ఒకటి. కానీ ఆ టైములో దుమ్ము లేపుకుంటూ జీపులన్నీ మీ పక్కనుంచే వెళ్తాయి. నేను చేసేది రెండోది. ఆరున్నరకి బయల్దేరితే జీపులు దిగిపోతుంటే మనం ఎక్కుతుంటాం, పైకి చేరేసరికి రద్దీ సగం తగ్గుతుంది, లోయలో మబ్బు ఇంకా పూర్తిగా విడవదు. నాకు మొత్తం రెండు గంటలకి కొంచెం పైన పడుతుంది. పైన ధింసా అనే గిరిజన నృత్యం ఆడే ఆడవాళ్లతో ఫోటోలు దిగితే డబ్బులివ్వండి, అది వాళ్ల పొద్దున్నపూట పని.

నాకు ఇష్టమైనది సుంకరిమెట్ట కాఫీ తోటలు. అరకు నుంచి బస్సులోనో ఆటోలోనో సుంకరిమెట్ట దాకా వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టండి, ఘాట్ రోడ్డు మలుపుల్లో మాత్రం పరుగెత్తకండి. మంచులో డ్రైవరుకి మీరు కనపడరు. ఇక్కడ తోట అంటే మైదానంలో మామిడి తోటలా ఊహించుకోకండి. పైన ఆకాశమంత ఎత్తున సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. కాఫీకి నీడ కావాలి, తీగకి ఆసరా కావాలి. రెండు పంటలూ ఒకే చెట్టు మీద ఆధారపడి ఉంటాయి. ఈ అరబికా కాఫీకే 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాలిన ఆకుల మీద అడుగు మెత్తగా పడుతుంది, ఎండ తగలదు. కానీ ఆ ఆకుల కిందే వేర్లుంటాయి, అందుకని పాదం మామూలుకన్నా కాస్త ఎత్తి వేయాలి. బాటలు ఒకదాంట్లోంచి ఒకటి చీలుతూ పోతాయి, నేను దారి తప్పింది ఇలాంటి చోటే. ప్రతి చీలిక దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, తిరుగుదారి ఎలా కనిపిస్తుందో ఒకసారి ఫోటో తీసుకోండి. పర్యాటకుల కోసం తెరిచిన తోటలో టికెట్ తీసుకుని లోపలికెళ్లండి. మిగతా తోటలు గిరిజన కుటుంబాలవో, కాఫీ పండించే సంస్థలవో, అడిగే అడుగుపెట్టాలి. నవంబరు నుంచి రెండు మూడు నెలలు పళ్లు కోస్తారు. అప్పుడు బాటల మీద బస్తాలు మోసేవాళ్లు ఉంటారు, కళ్లాల్లో కాఫీ ఆరబోసి ఉంటుంది. దాని మీద బూటు పడిందంటే ఒకరి కష్టం తొక్కినట్టే.

బొర్రా నుంచి కటికి జలపాతం దాకా మట్టిరోడ్డు. ఇది అరకు కన్నా కిందికి, సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి వేడి ఎక్కువ. గోస్తని నది పక్క కొండల్లో జీపులు గుంటల్లో ఊగుతూ వెళ్తాయి. వాటికన్నా మనమే ముందు చేరతాం, ఆ తృప్తి వేరు. చివర ఒక కాలిబాట ఎక్కాలి. దారిలో రైలు పట్టాలు దాటాలి. ఈ కొత్తవలస, కిరండూల్ లైను బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది, గూడ్సు బళ్లు వస్తూనే ఉంటాయి. పట్టాల మీద, సొరంగాల్లో పరుగెత్తి వీడియోలు తీసే సరదా చూశాను. ఈ లైనులో 58 సొరంగాలున్నాయి, మలుపు తిరిగాక బండి కనపడేసరికి పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. దాటాల్సిన చోట దాటండి, అంతే. తిరుగుప్రయాణంలో బొంగు చికెన్ తినకుండా రావడం కష్టమే, కానీ పరుగు పూర్తయ్యాకే తినండి.

డుంబ్రిగూడ వైపు చాపరాయి గురించి అడుగుతారు. అరకు నుంచి పాడేరు రోడ్డులో సుమారు 15 కిలోమీటర్లు. రోడ్డు పక్కనే పరుగెత్తాలి కాబట్టి నాకు నచ్చదు. బండి మీద వెళ్లి చూడండి. ఆ చాపలాంటి రాయి మీద నీళ్లు పల్చగా పారుతున్నట్టే కనిపిస్తాయి కానీ నాచు జారుతుంది, అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పాడేరు దగ్గర వంజంగి మబ్బుల కొండ అందమైనదే, దానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి.

కొండ మీద కాళ్లు ఎలా వేయాలి

ఎక్కుడులో నడవడం ఓడిపోవడం కాదు. మాట్లాడుతూ వెళ్లగలిగితే పరుగెత్తండి, మాట తెగుతుంటే నడకలోకి దిగండి. అడుగు చిన్నది చేసి, చేతులు తొడల మీద ఆనించి నొక్కుతూ ఎక్కితే కాళ్ల మీద భారం తగ్గుతుంది. మోపు మోసేవాళ్లని గమనించండి. ఒకే వేగం, చిన్న అడుగు, ఆగరు.

దిగుడులో భయం వల్ల ఒళ్లు వెనక్కి వాలుతుంది. అలా వాలితే మడమ ముందు పడి జారిపోతారు. నడుం కొద్దిగా ముందుకే ఉంచి, మోకాళ్లు వంచి, చకచకా చిన్న అడుగులు వేయండి. చూపు పాదాల మీద కాదు, మూడు నాలుగు అడుగుల ముందు ఉండాలి. చేతులు కాస్త వెడల్పుగా, కోడి రెక్కల్లా. ఫోటోలో బాగోదు, పడకుండా ఆపుతుంది. గుల్ల రాళ్లున్న చోట బాట మధ్యలో కాకుండా అంచున గడ్డి మీద అడుగేయండి, కాకపోతే ఆ గడ్డిలో ఏముందో కనపడాలి.

నీళ్లు, పాము, కుక్క, తేనెటీగ

గంట దాటిన పరుగులో ప్రతి నలభై నిమిషాలకీ ఏదో ఒకటి నోట్లో వేసుకోండి. ఆకలి వేసే దాకా ఆగితే ఆలస్యమే. నేనయితే ఉదయం బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి తాగుతాను. కడుపులో తేలిగ్గా ఉంటుంది. గెడ్డ నీళ్లు తేటగా ఉన్నా తాగకండి, పైన పశువులుంటాయి. ఊళ్లో బోరు దగ్గర అడిగి పట్టుకోండి.

గెడ్డ దాటేటప్పుడు నీళ్లు మోకాలు దాటితే వెనక్కి రండి. మీ మీద వాన లేకపోయినా పై కొండ మీద పడితే గెడ్డ ఒక్కసారిగా పెరుగుతుంది. నీళ్లు హఠాత్తుగా ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే వెంటనే గట్టెక్కండి.

పాము కాటేస్తే కత్తితో కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయకూడదు. కాటు పడిన కాలిని కర్రలతో కదలకుండా కట్టి, ఆ మనిషిని నడవనివ్వకుండా మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. 108కి ఫోన్ కలవని, బండి రాని చోట ఇప్పటికీ జబ్బు మనుషుల్ని డోలీ కట్టి మోస్తారని గుర్తుంచుకోండి. ఒంటరిగా వెళ్లొద్దని నేననేది ఇందుకే.

ఊరికుక్క మొరిగితే పరుగు ఆపి నడవండి. పరుగెత్తేదాన్నే అది తరుముతుంది. కరిస్తే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి. పెద్ద రాతి గుట్టల కింద, ఎత్తైన చెట్లకి నల్లగా వేలాడే తేనెపట్లు కనిపిస్తే గోల చేయకుండా, సెంటు వాసనలు లేకుండా దూరంగా తప్పుకోండి. ఈగలు లేస్తే నిలబడకండి, మొహం కప్పుకుని ఎంత దూరం పరుగెత్తగలిగితే అంత దూరం పరుగెత్తండి. ఆ రోజు మీ పాత టైములన్నీ చెదిరిపోతాయి.

ఊళ్లోంచి వెళ్లేటప్పుడు

ఊరు రాగానే నడకలోకి మారండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఎదురు వచ్చేవాళ్ల నెత్తిన బరువుంటే మీరే పక్కకి దిగి దారివ్వండి, వాళ్లు దిగలేరు. పశువులు వస్తుంటే కొండవైపు నిలబడండి, లోయవైపు కాదు. పిల్లలకి చాక్లెట్లు పంచకండి. ఒకసారి అలవాటైతే ఆ తర్వాత వచ్చే ప్రతివాళ్ల వెనకా పరుగెత్తుకొస్తారు. కొనాలనిపిస్తే సంతలో మిరియాలు, రాజ్మా, పసుపు కొనండి, బేరం మరీ గీచి ఆడకుండా. ఆడవాళ్లని, ఇళ్లని అడగకుండా ఫోటోలు తీయవద్దు. చిక్కీ కాగితం దగ్గర నుంచి అన్నీ మీ బ్యాగులోనే తిరిగి రావాలి.

పరుగు అయ్యాక

రూమ్‌కి రాగానే మొదట బయల్దేరే ముందు ఎవరికి చెప్పి వెళ్లారో వాళ్లకి వచ్చేశానని చెప్పండి. ఈ చిన్న పని మరిచిపోయి ఒకసారి నా కోసం ఇద్దరిని బైకు మీద వెతకడానికి పంపించారు. ఇప్పటికీ వాళ్ల ముందు తలెత్తలేను. తర్వాత బూట్లు విప్పి దులిపి, కాళ్లకి గీరుకున్నవన్నీ సబ్బుతో కడిగి, కూర్చోకుండా పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. అన్నం, పప్పు, గుడ్డు తినండి. మర్నాడు తొడలు పట్టేస్తాయి, రెండో రోజు ఇంకా ఎక్కువ ఉంటుంది, నాలుగో రోజుకి తగ్గుతుంది. నొప్పి ఒక మోకాలిలోనో మడమలోనో ఒకే చోట పొడుస్తూ, వాపు కనిపిస్తే అది కండరం నొప్పి కాదు, డాక్టరుకి చూపించండి.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమల మందు రాసుకోండి, దోమతెర ఉన్న రూమ్ అడగండి. దోమ కుట్టిన వెంటనే ఏమీ తెలియదు. మామూలుగా వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా జ్వరం వస్తుంది. అప్పటికి మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆఫీసులో ఉంటారు, వాతావరణం మారి వచ్చిందిలే అనుకుంటారు. చలి పెట్టి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని కూర్చోకుండా అదే రోజు రక్తపరీక్షకి వెళ్లండి. అక్కడ డాక్టరు ఏమీ అడగకముందే, అరకు ఏజెన్సీకి వెళ్లొచ్చానని, ఏ తారీఖుల్లో వెళ్లారో చెప్పండి.